లోపలి మడత



వైశాఖమాసమున ఒకనాటి ఉదయము వేదాద్రిలో, కృష్ణ యొడ్డున, స్నానఘట్టపు మెట్లమీద కొంతసేపు కూర్చుండి చూడుడు. యోగానంద నారసింహుని దర్శనమునకు వచ్చిన కుటుంబములవారు మొదట ఏటికి దిగుదురు. మేనమామ యొడిలో బిడ్డను కూర్చుండబెట్టి పుట్టువెండ్రుకలు తీయింతురు. కత్తి చల్లదనమునకు బిడ్డ యేడ్చును. నీళ్లు పోయునపుడు మఱికొంత యేడ్చును. తల తుడిచి గంధము పూసినంతనే ఊఱడిల్లి, అటునిటు చూచి, అమ్మమ్మ మెడలోని గొలుసు పట్టుకొని నవ్వును. ఇక భయము లేదనుకొని తల్లి సంచిలోనుండి క్రొత్త గౌను తీయును. జిగేలుమను పూలు, గరుకైన జాలరు, వీపు పొడవునా జిప్పు, మెడవెనుక గీచుకొనిపోవు చీటీ. అది తొడిగినంతనే బిడ్డ మఱల ఏడ్పందుకొనును. చుట్టునున్న పెద్దలు, "తల మండుతోంది పాపం" అందురు.

తల కాదు. మెడ.

ఈ మాట ఎవరినో తప్పుపట్టుటకు చెప్పుట లేదు. ఆ మెట్లమీదనే, అటువంటి గౌనునే, నా పెద్దబిడ్డకు నా చేతులతో నేనే తొడిగితిని. ఇంటికి వచ్చి విప్పిన పిమ్మట ఆ మెడచుట్టు, చంకలలో, నడుమున ఎఱ్ఱని గీతలు చూచి, ఆ రాత్రి నిద్రపట్టక, గౌనును తిరగవేసి దీపపు వెలుతురున కుట్టు కుట్టు పరీక్షించితిని. బయట పట్టువలె మెఱయుచున్న బట్ట, లోపల తెగిన దారములతో, మూయని అతుకులతో ముళ్లకంపవలె నుండెను. బిడ్డ ఒంటికి తగులునది బయటివైపు కాదు గదా. లోపలివైపు. అది చూచువారికై కుట్టిన బట్ట. తొడుగుకొనువారికై కుట్టినది కాదు. నేడు మీతో చెప్పదలచిన సంగతికి ఆ రాత్రియే మొదలు.

మాది వేదాద్రి. మా ఇంటి వసారాలో అయిదు కుట్టుమిషనులు కలవు. పసిబిడ్డలకు జుబ్బాలు, లాగులు, గౌనులు, ఆడపిల్లలకు పరికిణీలు మేము కుట్టుదుము. చిన్న వ్యాపారము. జగ్గయ్యపేట, నందిగామ, చిల్లకల్లు, ఈ చుట్టుపట్ల ఊళ్లవారే మా ఖాతాదారులలో ఎక్కువమంది. దీనిగుఱించి రేడియోలో చెప్పుటకేమున్నదని మీరనుకొనవచ్చును. కాని ఇద్దఱు బిడ్డల తల్లిగా ఈ పని చేయుచుండగా నాకు ఎదురైన ప్రశ్నలు, బిడ్డలకు బట్టలు కొను ప్రతి ఇంటికిని సంబంధించినవని నా నమ్మకము.

మొదట బట్టగుఱించి చెప్పెదను.

మన పెద్దలు పురిటిబిడ్డకు క్రొత్తబట్ట తొడుగనిచ్చెడివారు కారు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరను చింపి, ఉతికి, ఎండలో ఆరవేసి పొత్తిగుడ్డలు చేసెడివారు. దీనిని కొందఱు ఆచారమనిరి. కొందఱు పేదఱికమనిరి. నేను అనుభవమందును. ఎన్నియో మార్లు ఉతికిన చీరలో గంజి యుండదు, విడువవలసిన రంగు అప్పటికే విడిచియుండును, గుచ్చుకొను పోగు మిగిలియుండదు. పసిచర్మము మన చర్మముకంటె పలుచన; చెమటకును రాపిడికిని త్వరగా కందిపోవును. బట్టల కద్దకము వేయు అజో రంగులలో కొన్ని హానికరములైన పదార్థములుగా విడిపోవునని తేలిన మీదట, మన ప్రభుత్వము 1997లో వానిని నిషేధించినది. మా అమ్మమ్మకు అజో అను మాట తెలియదు. ఉతికిన చీర తెలియును.

క్రొత్తబట్టను పాతచీరవలె మెత్తన చేయుట యెట్లు? ఇదియే నా మొదటి ప్రశ్న. వెదకి వెదకి మంగళగిరి నూలుబట్ట తెచ్చుకొంటిని. నేలలోని గుంటలో కాళ్లుంచి కూర్చుండి, పడుగులోనికి పేకను దగ్గఱదగ్గఱగా కొట్టి నేయు ఆ గుంటమగ్గపు బట్ట గాలిని పోనిచ్చును, చెమటను పీల్చును. ఉతికినకొలదిని మెత్తబడును. అయితే మొదటి ఏడాదియే నేనొక పెద్ద తప్పు చేసితిని. చేనేతబట్ట తొలి తడుపునకు ముడుచుకొనునని వినియుండియు, పండుగ తొందరలో తడుపకయే కత్తిరించి, సంక్రాంతికి 40 గౌనులు కుట్టి అమ్మితిని. కనుమ దాటిన వారమునకే అవి ఒక్కటొక్కటిగా మా గుమ్మమునకు తిరిగివచ్చినవి. చంకదగ్గఱ బిగిసిపోయినదని ఒక తల్లి, మెడ పట్టుట లేదని ఒక తల్లి. అందఱికిని డబ్బు తిరిగి యిచ్చితిని. ఆ నెల మా ఇల్లు మా వారి జీతముమీదనే నడచినది.

అది మొదలు, బట్ట రాగానే ఒక రాత్రి తొట్టిలో నానవేసి, మఱునాడు నీడన ఆరవేసి, రెండవమాఱు ఉతికి, ఆ పిమ్మటనే కత్తెర పెట్టుదుము. ఇందులకు రెండు దినములు పట్టును; పట్టనిండు. మీరును ఇంటివద్ద పిల్లలకు కుట్టించునపుడు ఇది గుర్తుంచుకొనుడు. చేనేతబట్టకు ముందు తడుపు, తరువాత కత్తెర. ముందు తడుపు, తరువాతనే కత్తెర.

పూలబట్ట కావలసినపుడు పెడన పోవుదును. మచిలీపట్నపు కలంకారియని లోకమెఱిగిన అద్దకము అక్కడిది. బట్టను కరక్కాయ కషాయములో పాలు కలిపి నానవేయుదురు. బెల్లమును ఇనుపతుక్కును ఊరవేసిన నీటితో నల్లని గీత అచ్చువేయుదురు. టేకుచెక్కమీద చెక్కిన అచ్చును పటిక నీటిలో అద్ది వేసినచోట, వేళ్ల కషాయములో ఉడికినపుడు, ఎఱుపు తేలును. మొదటిమాఱు ఆ కాగులదగ్గఱ నిలుచుండి, రంగులేని చోటనుండి ఎఱుపు పుట్టుట చూచినపుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇప్పటికిని తీఱలేదు. అయితే కలంకారియని పేరు పెట్టుకొన్న ప్రతి బట్టయు ఇట్లు తయారైనది కాదు. అదే పూవును యంత్రముపై ముద్రించిన అనుకరణలు బజారులో కొల్లలుగా నున్నవి. కొనునపుడు తిరగవేసి చూడుడు. ముద్రించినదానిలో రంగు పైననే నిలిచి, వెనుక వెలవెలబోవుచుండును. అద్దినదానిలో రంగు నూలులోనికి దిగియుండును. మఱల లోపలివైపే సాక్ష్యము చెప్పుచున్నది, చూచితిరా!

బట్టనుండి నూలునకు, నూలునుండి పత్తికి నడచి వెనుకకు పోయినచో నేను మఱల మా చేలలోనికే వచ్చితిని. మా మెట్ట ప్రాంతపు నల్లరేగళ్లకు పత్తి పాతచుట్టము. జాతీయపతాకమును రూపొందించిన పింగళి వెంకయ్యగారిని జనము "పత్తి వెంకయ్య" అని పిలిచిన రోజులున్నవి. ఒకప్పుడు కృష్ణాజిల్లాలోనే కలిసియుండిన మునగాల పరగణాలో, నడిగూడెమున, రాజా నాయని వేంకటరంగారావుగారి ఆదరమున నుండి ఆయన కంబోడియా పత్తిమీద కృషి చేసెను. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలో గాంధీజీకి జెండా చూపినవాడును ఆయనయే. దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినదియు ఆ సభయే. పత్తిచేనును జెండాగుడ్డను ఒక్క మనుష్యుడు ఒక్క ప్రేమతో చూచిన కాలమది. మా బడిలో ఆగస్టు నెలలో జెండా ఎగురవేయునపుడు పిల్లలకు ఈ సంగతి చెప్పుమని నేను మాస్టారును అడుగుచుందును.

నేడు మా చేని పత్తి మా ఊర నూలు కాదు. జిన్నింగు మిల్లులో గింజ వేఱు, దూది వేఱు చేయుదురు. బరువులో దూది ఇంచుమించు మూడవవంతు మాత్రమే. ఆ దూదిని 170 కిలోల బేళ్లుగా బిగించి నొక్కి దూరదేశములకు పంపుదురు. అక్కడి మిల్లులో ఆ గట్టిపడిన దూదిని కొట్టి మఱల విప్పుదురు. నొక్కుట యెందులకు, విప్పుట యెందులకు, పత్తి పండినచోటనే చిన్న యంత్రములతో నూలు తీయరాదా అని ప్రశ్నించిన వనిత ఉజ్రమ్మగారు. ఆమె తలపెట్టిన ప్రయత్నమే మల్ఖా. మల్‌మల్, ఖాదీ అను రెండు మాటలు కలిసిన పేరది. ఒత్తిడి తగులని దూదితో వడికిన ఆ నూలు బట్టలో మెత్తదనము వేఱుగా తెలియును. నెలలబిడ్డల జుబ్బాలకు నేను ఆ బట్టనే వాడుదును.

మెత్తని బట్ట దొరికినది. అయినను, శ్రోతలారా, నా మనస్సునకు నెమ్మది చిక్కలేదు.

ఏలనన, పత్తికి వెనుక పత్తిగింజ యున్నది. 1970లో సూరతులో హైబ్రిడ్ పత్తి పుట్టినది. ఆ విత్తనము తనంత తాను పుట్టదు. ప్రతి పువ్వును మనుష్యుని చేతితో సంకరము చేయవలెను. సాయంకాలము విచ్చని మొగ్గను పట్టుకొని, దాని ఱేకులను పుప్పొడితిత్తులను గోటితో గిల్లివేయవలెను. మఱునాటి ఉదయము వేఱొక జాతి మొక్క పువ్వును తెచ్చి దానిపై రుద్దవలెను. ఒక్క మొగ్గ కాదు, చేనిలోని మొగ్గలన్నియు. ఒక్కనాడు కాదు, పూతకాలము పొడవునా. ఈ పనికి కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల చేలలో ఎవరిని పెట్టిరో తెలియునా? ఆడపిల్లలను. మొక్క పొట్టిది, పిల్లయు పొట్టిది గనుక వంగనక్కఱలేదనిరి, వ్రేళ్లు సన్ననివి గనుక మొగ్గ నలుగదనిరి. అసలు మాట, కూలి తక్కువ.

ఆ బిడ్డలను చేలనుండి బడికి తెచ్చుటకై ప్రొఫెసర్ శాంతా సిన్హాగారును ఎం.వి. ఫౌండేషనువారును సంవత్సరములపాటు ఊరూర తిరిగిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని వారి సిద్ధాంతము. ఆ కృషికి 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించినది. నాకు ఆ సిద్ధాంతము పుస్తకములో చదివినపుడు కాక, మా ఊరి దారిలో అర్థమైనది. మా వైపు పత్తి తీతలకాలములో, దాని వెనుకనే వచ్చు మిరపకోతలలో, ఉదయము ఆటోలలో పనికి పోవు తల్లుల నడుమ చిన్నతలలు కనబడుచుండును. ఆ తలలు బడిలో లేనివి. చేలలో ఒడి కట్టుకొని పత్తి తీయు చిన్నచేతులే ఒకనాడు నా బల్లమీది తెల్లని బట్టలో నాకు కనబడినవి.

ఇది నేను మఱువగూడని మాట. మీకును మఱియొకమాఱు చెప్పుదును. ఒక బిడ్డ ఒంటిమీది బట్టలో వేఱొక బిడ్డ బాల్యము పోయియుండరాదు. నా వ్యాపారమునకు నేను పెట్టుకొన్న కట్టుబాటు ఇది యొక్కటే. ఒక బిడ్డ ఒంటిమీది బట్టలో వేఱొక బిడ్డ బాల్యము పోయియుండరాదు.

కట్టుబాటు పెట్టుకొనుట సులభము. అది నా యింటి వసారాలోనే తప్పినది.

కాజాలు, బొత్తాలు చేతిపని. మిషనుమీద కుట్టు పూర్తియైన జుబ్బాలను మూట గట్టి, కాజాలు తీయుటకు ఇండ్లకు పంపుట ఈ పనిలో అంతటను ఉన్న అలవాటు. కాజాకు ఇంతయని కూలి. మా దగ్గఱ కుట్టుచుండిన ఒకామె సాయంకాలము మూట తీసికొనిపోయి ఉదయమే తెచ్చి యిచ్చెడిది. చక్కని పని. ఒకనాడు జుబ్బాలు లెక్కపెట్టుచుండగా కొన్ని కాజాలు నా చూపును పట్టుకొన్నవి. మిక్కిలి చిన్న కుట్లు, ఒకదానినొకటి ఆనుకొని, చీమలబారువలె. పెద్దచేతి కుట్టు అట్లుండదు. ఆమెను అడిగితిని. ఆమె దాచలేదు.

"మా అమ్మాయి అక్కా. బడినుంచి వచ్చాక నాకు సాయం చేస్తుంది. దాని కుట్టు నాకంటే బాగుంటుంది" అనెను.

ఆ మాటలో గర్వమున్నది, దోషభావము లేదు. ఉండవలసిన పనియు లేదు. ఆ అమ్మాయికి పదకొండేండ్లు. నా పెద్దబిడ్డకును అప్పటికి పదకొండేండ్లే. నా బిడ్డ దీపముక్రింద కూర్చుండి లెక్కలు చేసికొను వేళకు, రెండు వీధుల అవతల ఆ బిడ్డ దీపముక్రింద కూర్చుండి నా జుబ్బాలకు కాజాలు తీయుచుండెను.

చట్టమేమనుచున్నదో తెలిసికొంటిని. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఏ పనిలోను పెట్టరాదనిరి. కాని బడివేళలు ముగిసిన తరువాతను, సెలవులలోను, ప్రమాదకరము కాని తమ కుటుంబపు పనికి పిల్లలు సాయపడవచ్చునని అందులోనే ఒక మినహాయింపు నుంచిరి. ఆ మినహాయింపు నీడలో నేను నిలిచియుండవచ్చును. కాని ఆ పని ఆ కుటుంబపుది కాదు, నాది. మూట నాది, లాభము నాది, తొందర నాది.

మూటలు పంపుట మానితిని. మఱునాడు ఆమె పనికి వచ్చినది. పగలంతయు ఏమియు మాటాడలేదు. మధ్యాహ్నము అన్నము తినునపుడు, తల యెత్తకయే, "మూట లేకపోతే కరెంటు బిల్లు ఎట్లా కట్టనక్కా?" అని అడిగెను. ఆ ప్రశ్న విని నాకు ముద్ద దిగలేదు. మంచి పని చేసితినని నేను అనుకొంటిని. దాని వెలను ఆమెచేత చెల్లింపజేసితిని. నా మనస్సాక్షికి ఆమె యింటి దీపము పణము కారాదు గదా.

అప్పుడు మొత్తము పద్ధతియే మార్చవలసివచ్చినది. కాజాకు ఇంత, గౌనుకు ఇంత అను లెక్క ఉన్నంతకాలము చేయి తొందరపడును, తొందర ఇంటికి పోవును, ఇంట నున్న చిన్నచేయి సాయమునకు వచ్చును. ఇది ఆ తల్లి తప్పు కాదు, ఆ లెక్కలోనే ఉన్నది. కనుక మూటకూలిని తీసివేసి దినకూలి పెట్టితిని. సాయంకాలపు మూటవలన వచ్చుచుండిన సొమ్మును అందులోనే కలిపితిని. పది గంటలకు పని మొదలు, నాలుగు గంటలకు కత్తెర క్రింద పెట్టుదుము. బడి విడుచునప్పటికి తల్లి చేతులు ఖాళీగా నుండవలెను. కాజాలు కూడ పగటివేళ, వసారాలోనే, పెద్దచేతులతోనే. దీనివలన జుబ్బా వెల పెరిగినది. రెండు నెలలు అమ్మకము పడిపోయినది. ఆ రెండు నెలలును నేను రాత్రులు నిద్రలేక లెక్కలు వేసికొంటిని.

వెల యనునది ఎట్లు ఏర్పడునో ఒకనాడు మా వసారాలో చాపమీద పఱచి చూపితిని. ఒక వంద రూపాయలకు పది నోట్లు తెచ్చి వరుసగా ఉంచితిని. నాలుగు నోట్లు బట్టకు, అనగా నేతగానికిని రైతునకును. మూడు నోట్లు కుట్టినవారికి. ఒకటి దారము, బొత్తాలు, కరెంటు. ఒకటి ప్రయాణములకు, పాడైన సరుకునకు. మిగిలినది ఒక్కటి నాకు. ఆ మూడు నోట్లలోనుండియే పెద్ద పెద్ద కంపెనీలు మొదట తగ్గించుకొనిపోవును. బట్ట ఎక్కడ చౌకయో అక్కడ కొని, చేయి ఎక్కడ చౌకయో అక్కడ కుట్టించును. బంగ్లాదేశములో ఢాకా సమీపమున, 2013 ఏప్రిలు 24న, రాణా ప్లాజా యను భవనము కూలి 1,100 మందికి పైగా చనిపోయిరి. ముందునాడే గోడలు బీటలు వారినవి; అయినను కుట్టువారిని మఱునాడు పనిలోనికి పిలిచిరి. వారిలో అనేకులు తల్లులు. ఆ మూడు నోట్లను ఒక నోటుగా చేసినచో ఏమగునో అక్కడ కనబడినది.

తిరునాళ్లలో మా బల్లదగ్గఱకు వచ్చిన చిల్లకల్లు పెద్దావిడ ఒకామె, జుబ్బా వెల విని, "ఏమ్మాయ్, జానెడు జుబ్బాకి ఇంతా? పేటలో ఈ డబ్బుకి మూడొస్తాయి" అనెను.

"నిజమే పిన్నిగారూ. ఒక్కసారి చేతిలోకి తీసుకోండి" అని జుబ్బాను తిరగవేసి ఆమె చేతికిచ్చితిని.

అతుకులన్నియు మడచి మూసి కుట్టినవి. చీటీ బయటివైపున నున్నది. మెడ రెండు భుజములమీదను విచ్చుకొనునట్లు బొత్తాలున్నవి. బిడ్డ తల దూర్చుటకు పెనుగులాట అక్కఱలేదు. ఆమె వ్రేళ్లతో తడవి, చెంపకు ఆనించుకొని, కొంతసేపు మాటాడక, "మా పెద్దాడి పొత్తిగుడ్డ ఇట్లాగే ఉండేది" అనెను. మూడు కొనలేదు. ఒక్కటి కొన్నది. నాకు అదియే సంతోషము. మూడు అవసరము లేదు.

అన్ని బేరములును ఇట్లు ముగియవు. పట్టణములోని ఒక దుకాణమువారు 200 గౌనులు తీసికొని, ఎనిమిది నెలలు డబ్బు చెల్లింపక, తుదకు సగము సరుకు వెనుకకు పంపిరి. ఆ యెనిమిది నెలలును ఒక్కనాటి కూలియు ఆపలేదు. నా గాజులు బ్యాంకులో నుండెను. అప్పటినుండి చేతికి డబ్బు రానిదే పెద్దబేరము ఒప్పుకొనుట లేదు.

వెల ఎక్కువైన బట్ట ఎక్కువకాలము పనికిరావలెను. లేనిచో నా మాటలన్నియు వట్టివి. బిడ్డలు ఆగరు, పెరుగుదురు. అందుచేత మా అమ్మ చేసినదే నేనును చేయుచున్నాను. నా చిన్ననాట పరికిణీ కుట్టించునపుడు అడుగున లోపలివైపు మూడు మడతలు పెట్టించెడిది. ఉగాదికి ఒకటి విప్పెడిది. ఇంత పెరిగితివా యని నన్ను గోడకానించి నిలువబెట్టి చూచెడిది. నేటి పరికిణీలలో ఆ మడతలు లేవు. నాలుగు వ్రేళ్ల బట్ట మిగులునని మానివేసిరి. మేము పరికిణీకి రెండు మడతలు, గౌనుకు ఒకటి పెట్టుదుము. ప్రక్కల అంగుళమున్నర గుడ్డ లోపల వదలుదుము. మీరు ఎక్కడ కొన్నను, ఎవరిచేత కుట్టించినను సరే, లోపల మడత ఉన్నదా యని అడుగుడు. బయటి పూవును చూడకముందు, లోపలి మడతను చూడుడు.

మడతలన్నియు విప్పినను చాలని దినము వచ్చును. అప్పుడా బట్ట అటకమీదకు పోవును, లేదా పాతబట్టలకు స్టీలుగిన్నె లిచ్చు ఆమె బుట్టలోనికి పోవును. వానిని మాకు తిరిగి తెండని చెప్పుచున్నాము. తెచ్చినవారికి క్రొత్తబట్ట వెలలో కొంత తగ్గింతుము. చిరుగు కుట్టి, బొత్తాము మార్చి, ఉతికి, పుట్టినబిడ్డ ఉన్న మఱియొక ఇంటికి ఇచ్చివేయుదుము. అక్క గౌను చెల్లెలు తొడుగుకొనని ఇల్లు మన చిన్నతనమున ఉన్నదా? ఒకరు తొడిగినది మాకెందుకని మొదట కొందఱు చిన్నబుచ్చుకొనిరి. నా రెండవబిడ్డ మొదటిబిడ్డ జుబ్బాలతోనే పెరిగినదని చూపిన పిమ్మట మెల్లమెల్లగా పుచ్చుకొనసాగిరి.

నా బిడ్డలనుగుఱించి ఒక మాట చెప్పక ఈ ప్రసంగమును దాటిపోలేను. ఒక దసరా ముందు, పని తలకు మించియుండగా, రెండవది జ్వరముతో వసారాలో కత్తిరించిన బట్టల కుప్పమీదనే నిద్రపోయినది. రెండు గంటల తరువాత ఒక గౌను ముక్కకై వెదకుచు ఆ కుప్ప లాగినపుడు గాని, బిడ్డ అక్కడ ఉన్నదని నేను చూడలేదు. ఒళ్లు కాలుచుండెను. ఎవరి బిడ్డల సుఖమునకై నా బిడ్డ జ్వరమును చూడనైతిని? ఆ పండుగకు ఒప్పుకొన్న పనిలో సగము వెనుకకిచ్చితిని. నాటినుండి దసరాకు, సంక్రాంతికి ఎన్ని గౌనులు కుట్టగలమో భాద్రపదములోనే వసారా గోడమీద వ్రాయుదుము. ఆ అంకె దాటి ఒక్కటియు ఒప్పుకొనము. నాలుగు గంటలైన పిమ్మట మా అయిదుగురు తల్లుల బిడ్డలును బడినుండి నేరుగా మా యింటికే వత్తురు. మిషనులు మూసి, వానిమీద పుస్తకములు పఱచుకొని చదువుకొందురు. ఆ వేళ వసారాలో మాకు చోటుండదు.

మొన్న జూనులో, బడులు తెఱచుటకు రెండు దినములముందు, కాజాలు తీసిన ఆ అమ్మాయి తన నీలి పరికిణీ తీసికొని వచ్చినది. ఇప్పుడు తొమ్మిదవ తరగతి. మా వసారాలోనే రెండేండ్ల క్రిందట వాళ్లమ్మ కుట్టిన పరికిణీ అది. నిజాం అంచు మంగళగిరి బట్ట. చీలమండలకు జానెడు పైకి పోయినది. తల్లి దానిని ఒడిలో పఱచుకొని, పాతబ్లేడుతో ఒక్కొక్క కుట్టే తెంపుచు, మడత విప్పినది. వెలిసిన బట్టకు అడుగున, మూడు వ్రేళ్ల వెడల్పున, ఎండ చూడని నీలము బయటపడినది. అమ్మాయి దానిని వ్రేలితో తడవి చూచినది.

"ఇంకో మడత ఉందా అమ్మా?"

తల్లి అంచును బొటనవ్రేలితో నొక్కి చూచినది.

"ఉందే. ఇంకొకటుంది."